మిస్రీ చెవిలో రెండు గాట్లు

"బొటనవేలికి ఆ గుడ్డ ఎప్పుడు కట్టినవు, బుగ్గమ్మా?"

వికారాబాదు ఠాణాలో లాకప్పు ఊచల అవతల చతికిలబడి ఉన్న బుగ్గమ్మ తన చేతిని తానే కొత్తగా చూస్తున్నట్టు చూసుకుంది.

"నిన్న పొద్దుగూకంగ కట్టిన అయ్యా. మిస్రీ పాలు ముడుతలేదని దూదివత్తి ముంచి నోట్ల పెట్టబోతి. కసుక్కున పట్టింది. గంత చిన్న నోటికి గంత పట్టుంటదని నేనెన్నడు సూడలె."

"అంతకుముందు ఎప్పుడన్న కరిచిందా?"

"గది కరుసుడా! నా కొంగుల పండుకునేది. కోడిపెట్టను సూస్తె నా కాళ్ళ సందుల దూరేది. గసువంటిదాన్ని నేనెందుకు సంపుత? నా ముఖం సూడున్రి, నేను మందు పెట్టేదాని లెక్క కనవడుతున్ననా?"

అపరాధ పరిశోధకుడు అనంతయ్య ఆమె ముఖం చూడలేదు. ఆ గుడ్డనే చూస్తున్నాడు. పూడూరులో ఒక కురుమ ఇంట పుట్టి, ఒక మహానుభావుడైన గురువు దయవల్ల పురాణాలూ ప్రబంధాలూ చదువుకుని, తరువాత నేర పరిశోధనలో పేరు తెచ్చుకున్నవాడాయన. అనంతగిరి స్వామి దర్శనానికి వచ్చి కొండ మీద సత్రంలో దిగి ఉండగా, ఆ ఉదయమే అష్రఫున్నీసా బేగం మనిషి పరుగున వచ్చి కబురందించాడు. బేగం ముద్దుగా పెంచుకుంటున్న చిట్టి బొచ్చుకుక్క తెల్లవారేసరికి నోట నురగలు కక్కి చచ్చిపోయింది. దాని ఆలనాపాలనా చూసే బుగ్గమ్మే విషం పెట్టిందని పోలీసులు పట్టుకుపోయారు. ఒక్క కుక్కపిల్ల కోసం ఇంత హంగామా ఏమిటని చదువరులు అనుకోవచ్చు. ఆ కుక్కపిల్ల ఒక జత మంచి ఎడ్ల ధర పలికింది. పెరిగి పెద్దదైనా చేటలో ముడుచుకుని పడుకోగలిగేటంతే ఉంటుందని చెప్పి బేగానికి అమ్మారు.

"మిస్రీ ఎట్ల ఉండె, మొన్నటి సంది చెప్పు."

"పిలిస్తె పలకలె. మంచం కింద చీకట్లకు పోయి పండుకుంది. గొంతు మారింది, మొరిగితె మేకపిల్ల అరిసినట్టే. మంచంకోడు కొరికింది, బొంత కొరికింది. నీళ్ళ గిన్నె పెడితె ఎనకకు జరిగింది. మా మందల ఒక్క జీవానికి నలత అయితె ఏరుగ కడుతం. గట్లనే గదిల పెట్టి గొళ్ళెం ఏసిన. బేగం సాబును గూడ లోపలికి రానియ్యలె."

అనంతయ్య చేతిలోని జపమాల కదలడం మానేసింది. ఆమె చెప్పిన ఒక్కొక్క లక్షణం ఒకే వైపు వేలు చూపిస్తున్నది. ఆ వైపు చూడడానికి ఆయన మనసు క్షణకాలం జంకింది. జంకి, వెంటనే గట్టిపడింది. ఆమెను సాధ్యమైనంత త్వరగా హైదరాబాదు పెద్ద దవాఖానకు చేర్చాలి. బొడ్డు చుట్టూ సూదులు పడాలి. ఆ రోగం ఒకసారి బయటపడిన తరువాత ఎంతటి వైద్యుడైనా చేయగలిగేది ఏమీ లేదు.

"అరే పండిత్‌జీ! జర ఆలస్యంగ వచ్చిన్రు. కేసు ఖతం!"

ఆ గొంతు సబ్ ఇన్‌స్పెక్టర్ మునీర్‌ది. ఇస్త్రీ నలగని ఖాకీ దుస్తులు, చంకలో తోలు తొడుగు వేసిన బెత్తం. నిజాయితీపరుడు, తెలివైనవాడు. అయితే ఒకసారి ఒక నిర్ణయానికి వచ్చాడంటే దానిని కదిలించడం బండరాతిని భుజంతో నెట్టినట్టే. రెండేళ్ళ క్రితం ఒక దొంగతనం కేసులో అనంతయ్య తనది తప్పని నిరూపించిన సంగతి ఆయన మరచిపోలేదు.

"ఖతం ఎట్ల అయింది ఇన్‌స్పెక్టర్ సాబ్?" అన్నాడు అనంతయ్య.

"వినండి. కుక్క గది బయటినుంచి గొళ్ళెం. వేసింది ఈమె. ధాన్యం కొట్టులో ఎలుకల మందు. తాళంచెవి ఈమె దగ్గర. కుక్క నోట్లో నురగ. ఈమె వేలికి పంటిగాటు. బలవంతంగ మందు మింగిస్తుంటే కరవకుంట ముద్దు పెట్టుకుంటదా? ఇగ కోపం ఎందుకంటరా? కుక్క భయపడుతున్నదని బేగం సాబా ఈమె కోళ్ళన్నీ అమ్మించింది. అడగండి, కాదంటదేమో."

"అమ్మించిన మాట నిజమే," అంది బుగ్గమ్మ లోపలినుంచి. "రెండు దినాలు అన్నం తినలె. గంత మాత్రానికి పానం తీస్తనా?"

"చూసిన్రా? ఒప్పుకున్నది."

"కోపం ఒప్పుకున్నది. హత్య ఒప్పుకోలేదు. ఇన్‌స్పెక్టర్ సాబ్, విషం సంగతి తరువాత. ముందు ఈమెను దవాఖానకు పంపండి. ఆ కుక్కకు పిచ్చి పట్టింది. నీళ్ళకు జడిసి, చీకట్లో దాగి, మంచంకోడు కొరికింది."

మునీర్ పగలబడి నవ్వాడు. నవ్వుతూ బెత్తాన్ని బల్ల మీద పెట్టాడు. దాని కొసన తోలు తొడుగు చీలికలు చీలికలుగా నమిలి ఉంది. అనంతయ్య చూపు అక్కడ నిలవడం గమనించి, "మా బిడ్డ షాహజాది దగ్గర ఒక కుక్కపిల్ల ఉన్నది లెండి. పళ్ళొచ్చే వయసు. కొరకడమే పిచ్చి అయితే మా ఇంట్లో అందరం ఎప్పుడో పిచ్చోళ్ళం!" అన్నాడు.

"కుక్కపిల్లలు కొరుకుతాయి. నిజమే."

"ఇంకొకటి. పిచ్చికుక్క కరిస్తేనే కుక్కకు పిచ్చి వస్తది. ఇది బొంబాయి కుక్క. మెత్త మీదినుంచి మెత్త మీదికి తప్ప నేల మీద కాలు పెట్టలేదు. బేగం సాబా ఇంటి గడప దాటలేదు. దాన్ని ఏ కుక్క కరిచింది? ఎక్కడ కరిచింది? ఏదైనా పిచ్చి జంతువు దాని దగ్గరికి వచ్చిందని నాకు చూపించండి. ఆ క్షణమే ఈమెను విడుదల చేస్త, నా జీపులోనే హైదరాబాదు పంపిస్త. మాట ఇస్తున్న. చూపలేకపోతే కోర్టు చెప్పేదాక ఈ ఊచలు కదలవు."

చిక్కుముడి అదే. అనంతయ్యకు తెలుసు. మునీర్ తర్కంలో ఒక్క రాయి కూడా వదులుగా లేదు, మొదటిది తప్ప.

"బొంబాయి కుక్క అని ఎవరు చెప్పిన్రు?"

"అమ్మినోడు చెప్పిండు. ఇంకెవరు చెప్తరు?"

"అయితే ఆ కుక్కను చూద్దాం పదండి."

మునీర్ లాకప్పు తాళం ఒకసారి లాగి చూసి, తాళంచెవిని తన చొక్కా జేబులో వేసుకున్నాడు. "గఫూర్! నేను వచ్చేదాక ఈ తాళం తియ్యొద్దు. ఈమెతో ఎవ్వరు మాట్లాడొద్దు. పండిత్‌జీ మాట తియ్యగుంటది, నీకు తెల్వకుంటనే తలుపు తీస్తవు!" అన్నాడు హెడ్ కానిస్టేబుల్ గఫూర్‌తో.

* * *

బేగం ఇంట్లో ఆ గది వరండా చివర ఉంది. అనంతయ్య గడప దగ్గరే ఆగి, ఎవరూ ఏ వస్తువునూ ఉత్త చేతితో తాకవద్దని చెప్పి, ఒక వేపపుల్ల తెప్పించుకుని లోపలికి అడుగు పెట్టాడు.

మంచంకోడు మూరెడు ఎత్తు వరకు గీరి గీరి ఉంది. ఒక గాటులో బియ్యపు గింజ కన్న సన్నని తెల్లని ముక్క ఇరుక్కుని ఉంది. పుల్లతో కదిలించి గుడ్డ మీదికి రాల్చాడు. పాలపన్ను. దాని మొదట నెత్తురు ఎండి ఉంది.

"పళ్ళు ఊడే వయసు," అన్నాడు మునీర్.

"ఊడిన పన్ను కింద పడుతుంది. ఇది కర్రలో దిగబడి విరిగింది. తన పన్ను విరిగినా వదలకుండా కొరికే కుక్కను మీరు చూసిన్రా?"

గోడవారన బోర్లించిన బుట్ట మీద పోలీసు ముద్ర ఉంది. దాని కింద పాలగిన్నె. విషపరీక్ష కోసం దానిని హైదరాబాదు పంపాలని మునీరే ముద్ర వేయించాడు. అనంతయ్య కోరిక మీద గఫూర్ ఉదయం వేసిన ముద్రను మునీర్ స్వయంగా విప్పాడు.

"ఈ పాలలోనే విషం కలిపిందంటరు."

"అవును."

"తాగి చచ్చిందంటరు."

"అవును, అవును."

"మీగడ చూడండి."

గిన్నె నిండా పాలు. పైన మీగడ పొర అంచునుంచి అంచు దాకా చెదరకుండా పరుచుకుని ఉంది. ఏ నాలుకా దానిని తాకలేదు. మునీర్ వంగి చూశాడు, మళ్ళీ వంగి చూశాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"వత్తితో పట్టి ఉండొచ్చు," అన్నాడు చివరకు, గొంతు తగ్గించి.

"వత్తి ముంచినా మీగడ చిరుగుతుంది. ఆమె వత్తి ముంచింది నిన్న సాయంత్రపు పాలలో. మీగడ చెదరలేదంటే ఇవి తరువాత కాచి పెట్టినవి. మింగలేని కుక్కకు నోట నురగ రాక ఏమి వస్తుంది? తన ఉమ్మి తానే మింగలేకపోయింది."

"మాటలు బాగున్నయి. కాని నా ప్రశ్న అట్లనే ఉన్నది పండిత్‌జీ. ఏ కుక్క కరిచింది?"

గుమ్మం అవతల అష్రఫున్నీసా బేగం వచ్చి నిలబడింది. తలమీది తెల్లని దుపట్టా చెంగుతో కళ్ళు అద్దుకుని, "అడగండి అనంతయ్య సాబ్. నేను ఏది దాచ," అంది.

"మిస్రీ తల్లిని చూసిన్రా?"

"లేదు."

"తండ్రిని? పుట్టిన చోటును? దాని తోడబుట్టిన పిల్లలను?"

బేగం తల అడ్డంగా ఊపింది. "మా వదినె ఊరినుంచి వస్తుంటె తాండూరు స్టేషన్ల రైలు ఆగింది. ఒకతను బుట్టల పెట్టుకుని కిటికీ దగ్గరికొచ్చిండు. బొంబాయి మాల్ అన్నడు. ఇంతకన్న పెరగదన్నడు. నా అరచెయ్యి మీద పెట్టిండు. దాని గుండె నా వేళ్ళకు కొట్టుకుంది. అంతే, ఇగ నేనేమి అడుగుత?"

"ఎన్ని నెలలదని అడిగిన్రా?"

"అడగలె." ఆమె తన అరచేయి చూసుకుంది. "మా ఆయన గుర్రం కొంటె దాని తాత ముత్తాతలను అడిగేటోడు. నేను బర్రెను కొంటె రెండు పూటలు పిండి చూస్త. దీన్ని కొన్నప్పుడు ఎంత చిన్నగుంటదని ఒక్కటే అడిగిన. అంత చిన్న పానానికి తల్లి ఉంటదని నాకు యాదికే రాలె."

ఆ మాటకు మునీర్ కూడా బెత్తం తిప్పడం ఆపాడు.

కుక్కపిల్ల కళేబరం వరండాలో వేపాకు మీద ఉంది. పశువుల డాక్టరు సాయంత్రానికి గానీ రాడు. అనంతయ్య పుల్లతో మెడ మీది జూలు, తరువాత ఎడమ చెవి మీది పట్టులాంటి బొచ్చు ఒత్తిగించాడు. పుల్ల అక్కడే ఆగింది.

చెవి అంచున పక్కపక్కనే రెండు చిన్న గాట్లు. మానిపోయినవి. చిరిగిన గాట్లు కావు. పదునైన కత్తితో కొలిచి కోసినవి.

"ఇన్‌స్పెక్టర్ సాబ్, మీ బొంబాయిలో కురుమోళ్ళు మందలు కాస్తరా?"

"ఏంది?"

"ఇది మందగుర్తు. గొర్రెపిల్ల పుట్టగానే చెవి కోస్తరు. ప్రతి మందకు ఒక గుర్తు. మా ఇంటి మందకు కుడి చెవికి ఒక్క గాటు. ఎడమ చెవికి జంట గాట్లు తాండూరు అవతల దౌల్తాబాద్ వైపు మందలవి. నేను ఆ మందలలో తిరిగిన. ఈ కుక్కపిల్ల బొంబాయి చూడలేదు. గొర్రెల మధ్య పెరిగింది. అంటే ఆరుబయట, అడవి అంచున, నక్కలు తిరిగే చోట."

మునీర్ చాలాసేపు ఆ చెవి వంక చూశాడు. తరువాత టోపీ సరిచేసుకుని, "తాండూరు ప్యాసింజర్ వచ్చే వేళయింది," అన్నాడు. "నేను కూడ వస్త. మీరు తప్పని నా చెవులతో విన్నంకనే నాకు నిద్రపడతది."

బయలుదేరుతూ అనంతయ్య బేగం వైపు తిరిగాడు. "డాక్టరు రాగానే ఈ తలను మంచుగడ్డల్లో పెట్టి హైదరాబాదు పిచ్చిరోగం పరీక్షకు పంపమనండి. అప్పటిదాకా ఈ వరండాలోకి ఎవరూ రాకూడదు. మీకు ఎక్కడైనా గీరుకున్నదా? నాకినదా?"

"నన్ను గది దరిదాపుకు రానియ్యలేదు బుగ్గమ్మ. నేను తిట్టిన. తలుపుకు అడ్డం కూసుంది."

"ఆమె మిమ్మల్ని కాపాడింది. ఇప్పుడు ఆమెను మనం కాపాడుకోవాలి."

* * *

తాండూరులో కుక్కపిల్లలు ఎవరు అమ్ముతారని స్టేషను కూలీలను అడిగితే, ఒక్కడు కాదు, నలుగురు ఒకే పేరు చెప్పారు. దేవప్ప. బండల వ్యాపారి. గనుల దారిలో నాపరాళ్ళు అరగదీసే షెడ్డు ఉంది. కన్నడం కలిసిన తెలుగు మాట్లాడతాడు.

"ఏన్ స్వామీ, ఇది బండల పని. కుక్కలు ఎల్లింద బంతు, ఎక్కడికెల్లి వస్తయి?" అన్నాడు దేవప్ప, పోలీసు టోపీని చూసి చేతులు జోడిస్తూ.

అనంతయ్య ఆ మాట విననట్టే నిలువుగా పేర్చిన బండల వరుసల మధ్యకు నడిచాడు. చివరి వరుస వెనక నాలుగు బండలు గోడలుగా, ఒకటి కప్పుగా ఒక గూడు ఉంది. దాని నోటికి ఇనుప జాలి. లోపలినుంచి మూలుగు. ఆయన వంగి చూశాడు. పిల్లి కన్న పెద్దవి కాని రెండు ఆడకుక్కలు. బొచ్చు ఉండలు కట్టి, పక్కటెముకలు లెక్కపెట్టేటట్టు ఉన్నాయి. వాటి పొట్టలు మాత్రం మళ్ళీ నిండి ఉన్నాయి. ఒకటి లేచి నిలబడబోయింది, గూడు కప్పు తలకు తగిలి కూర్చుంది.

"వీటికి వెలుతురు చూపించి ఎన్నాళ్ళైంది?" అన్నాడు అనంతయ్య. అంతవరకు ఎన్నడూ హెచ్చని ఆయన గొంతులో కోపం మొదటిసారి వినిపించింది.

దేవప్ప నేల చూపులు చూశాడు. "గిరాకి అట్ల ఉన్నది స్వామి. ఎంత చిన్నగుంటె అంత ధర. తల్లిపాలు ఎక్కువ తాగితె పెరుగుతయి. కండ్లు తెరిచి నడక రాంగనే తీసేస్త. జరంత కల్లు నాకిస్త, పెరగవు. నేను తప్ప చేసినోడు లేడా? కొనేటోళ్ళు ఒక్కరన్న తల్లి ఏది అని అడిగిన్రా? ఒక్కరు అడగలె!"

"నేను అడుగుతున్న. బేగం సాబాకు అమ్మిన పిల్ల తల్లి ఏది?"

"జ్వరం వచ్చి పోయింది."

"తల్లి పోయిన తరువాత పిల్లలకు పాలెవరిచ్చిన్రు?"

దేవప్ప నాలుక తడబడింది. ఆ సమయంలో షెడ్డు వెనక గొర్రెల మెడగంటలు వినిపించకపోతే మరొక అబద్ధం చెప్పేవాడే. బీరన్న అనే మందకాపరి తన జీవాలను నీళ్ళకు తోలుకుపోతున్నాడు. అనంతయ్య అడ్డంగా వెళ్ళి, మందలో ఒక పిల్లను ఒడిసి పట్టుకుని చెవి తిప్పాడు. ఎడమ చెవి. జంట గాట్లు.

"ఏందయ్యా, నా పిల్లను పట్టినవు?"

"మంచి కోత, బీరన్నా. పూడూరు దిక్కు ఇంత సాపుగ కొయ్యరు. కుక్కపిల్లలకు కూడ నువ్వే కోసినవా?"

బీరన్న ముఖం ముందు విప్పారింది, తరువాత దేవప్ప వైపు చూసి ముడుచుకుంది. "నేనే కోసిన. అబద్దం ఎందుకు? తల్లి లేని పిల్లలని దేవప్ప నా దగ్గర పడేసిండు. నా పెంటిమేక కింద కట్టిన, తాగినయి. బీరప్ప దేవుని పండుగకు మందల ఉన్న ప్రతి పిల్లకు చెవి కొయ్యాలె. నా మేక పాలు తాగినంక గవి నా మంద పిల్లలే గద! కొయ్యకుంట పంపితె దేవుని లెక్క తప్పదా?"

"నీకు ఎన్నిసార్లు చెప్పిన, వాటిని ముట్టద్దని!" అన్నాడు దేవప్ప పళ్ళు కొరుకుతూ.

"నువ్వు చెప్తివి. దేవుడు చెప్పలె."

మునీర్ ముందుకు వచ్చాడు. ఇంతసేపూ మాట్లాడని ఆయన ఇప్పుడు సూటిగా అడిగాడు. "తల్లి ఎట్ల చచ్చింది?"

బీరన్న దేవప్ప దిక్కు చూశాడు. అనంతయ్య గొర్రెపిల్లను నేలమీద దించి, కాపరి భుజం మీద చేయి వేశాడు.

"బీరన్నా, నేను కూడ కంబళి కప్పుకుని పుట్టినోన్నే. వికారాబాదు ఠాణాల బుగ్గమ్మ అని ఒక ఆడిమనిషి ఉన్నది, మనోళ్ళ ఇంటిదే. ఆ కుక్కపిల్ల ఆమెను కరిచింది. నువ్వు నిజం చెప్తె ఆమె బతుకుతది. చెప్పకపోతే ఆమె చావు ఎట్ల ఉంటదో నీకు తెలుసు. పిచ్చి పట్టిన జీవాన్ని నువ్వు చూసినోనివి."

బీరన్న చేతికర్రను రెండు చేతులా పట్టుకున్నాడు.

"నక్క, సారూ. పిచ్చినక్క. పట్టపగలు మంద మీదికొచ్చింది. నా గొర్లను రెండింటిని కరిసింది, గవి తన్నుకొని సచ్చినయి. షెడ్డు ఎనక కట్టేసిన దేవప్ప కుక్కను గూడ కరిసింది. కొన్నాళ్ళకు గా తల్లికుక్క తన పిల్లలనే కొరకవట్టె. దేవప్ప బండతోని కొట్టి సంపిండు. పిల్లలను ఎవ్వరికి చెప్పకుంట జల్ది అమ్మెయ్యాలె అన్నడు. నేను గవి మంచిగ ఉన్నయి, పాలు తాగుతున్నయి, దేవుడు కాపాడిండు అనుకున్న."



మునీర్ నెమ్మదిగా టోపీ తీశాడు. "మాట ఇచ్చిన, పండిత్‌జీ. నేను ఓడిపోయిన. బుగ్గమ్మను ఇయ్యాలనే హైదరాబాదు పంపిస్త. వీడిని మాత్రం..." అని దేవప్ప మెడపట్టి పట్టుకున్నాడు.

కానీ అనంతయ్య ముఖంలో గెలుపు లేదు. ఆయన ఆలోచన అప్పటికే మరొక చోటికి వెళ్ళింది. "బీరన్నా, ఆ తల్లికి పిల్లలు ఎన్ని?"

"మూడు. ఒకటి నా దగ్గర్నే సచ్చిపాయె. తెల్లది రైలు కాడ ఒక బేగం సాబు తీసుకుంది."

"మూడోది?"

"ఎర్రది, నుదుట తెల్ల సుక్క. బంగారు పన్ను కట్టించుకున్న ఒక సారు వచ్చి తీసుకపోయిండు. తన మేనకోడలికి ఇయ్యాలని చెప్పిండు. బొంబాయి కెళ్ళి తెచ్చిన అని చెప్త, నువ్వెక్కడ నోరు జారకు అని నవ్విండు. వాళ్ళ బావ వికారాబాదుల పెద్ద పోలీసు సారంట."

దేవప్ప మెడ మీదినుంచి మునీర్ చేయి జారిపోయింది. చంకలోని బెత్తం నేలమీద పడింది. నమిలిన తోలు తొడుగు చీలికలు దుమ్ములో విచ్చుకున్నాయి.

"మా బావమరిది," అన్నాడు. "బొంబాయి అన్నడు. షాహజాది నన్ను అడిగింది. అబ్బా, దీని చెవి ఎవరు కోసిన్రు అని. పుట్టుకతోని అట్లనే ఉంటది అని చెప్పిన."

"ఇన్‌స్పెక్టర్ సాబ్, ఆ కుక్కపిల్ల నిన్న పాలు తాగిందా?"

మునీర్ పరుగెత్తాడు.

* * *

తాండూరు ఠాణాలో టెలిఫోను అందుకునేసరికి మునీర్ చొక్కా చెమటకు వీపుకు అంటుకుపోయింది. అనంతయ్య ఆయన భుజం పక్కనే నిలబడ్డాడు. గరగర మంటూ అవతల గఫూర్ గొంతు పలికింది.

"గఫూర్! ఇంటికి మనిషిని పంపు. షాహజాదిని ఆ కుక్కకు..."

"ఇంటికెందుకు సార్? పాప ఈడనే ఉన్నది. ఇప్పుడే వచ్చింది. కుక్కపిల్లను ఒడిల పట్టుకుని లాకప్పు ముందల కూసుంది. నిన్నటి సంది పాలు తాగుతలేదంట. బుగ్గమ్మకు కుక్కల సంగతి తెలుసని ఎవరో చెప్పిన్రంట. మీరు ఎవ్వరు మాట్లాడొద్దన్నరు గని, చిన్నపిల్ల గద సార్, ఎట్ల ఎళ్ళగొట్టాలె?"

అనంతయ్య మునీర్ చేతిలోని రిసీవరును తన నోటికి దగ్గరగా లాక్కున్నాడు. "గఫూర్, నేను అనంతయ్యను. పాపను కదిలించకు. కుక్కను నువ్వు ముట్టకు. ఒక బుట్ట తీసుకుని..."

అంతలో తీగ మీద మరొక గొంతు దూరంగా వినిపించింది. ఊచల వెనకనుంచి, గట్టిగా, కానీ తొణకకుండా, బెదిరిన గొర్రెపిల్లను మచ్చిక చేసుకునే గొంతు.

"బిడ్డా, నేలమీద పెట్టు. మెల్లగ. చేతులు తీయ్యి. గట్లనే ఎనకకు జరుగు. నన్ను సూడు, దాన్ని సూడకు. నన్నే సూడు."

ఇద్దరు మగవాళ్ళూ రిసీవరుకు చెవులానించారు. బుట్ట నేలకు తగిలిన చప్పుడు. గఫూర్ మళ్ళీ వచ్చాడు, ఆయాసపడుతూ.

"బోర్లించిన సార్. లోపల గీరుతున్నది. పాప బుగ్గమ్మ దిక్కు జరిగి నిలబడ్డది. ఇగ ఏం ఫికర్ లేదు."

మునీర్ కళ్ళు మూసుకున్నాడు. పెదవులు ఏదో ప్రార్థన పలికాయి.

"కాని సార్," అన్నాడు గఫూర్, గొంతు మారుస్తూ. "బుగ్గమ్మ లోపలినుంచి పాప చెయ్యి పట్టుకుని సూస్తున్నది. పాప వేలికి గుడ్డ కట్టి ఉన్నది. బుగ్గమ్మ వేలికి ఉన్నట్టే. ఎప్పటిదంటే నిన్నటిదంటున్నది. అబ్బాకు చెప్తె కుక్కను తీసేస్తడని దాచిందంట."

అనంతయ్య మునీర్ చేతిని గట్టిగా పట్టుకున్నాడు. "ఇంకా సమయం ఉన్నది. ఇద్దరికీ ఉన్నది. ఇప్పుడు మీరు ఏడవకూడదు, ఆజ్ఞ ఇవ్వాలి. మీ జీపు అక్కడే ఉన్నది. చెప్పండి."

మునీర్ కళ్ళు తెరిచాడు. మళ్ళీ పోలీసు అధికారి అయ్యాడు.

"గఫూర్. జీపు తియ్యి. పాపను, బుగ్గమ్మను ఇద్దరిని ఎక్కించు. నా భార్యను తోల్కో. ఎక్కడా ఆగకుండ హైదరాబాదు పెద్ద దవాఖానకు పో. దారి పొడుగున పాప బుగ్గమ్మ పక్కనే కూసోవాలె. ఆమె ఏం చెప్తె అదే చెయ్యాలె. విన్నవా?"

"విన్న సార్. కాని బుగ్గమ్మ లాకప్పుల ఉన్నది. తాళంచెవి..."

మునీర్ చేయి తనకు తెలియకుండానే చొక్కా జేబు మీదికి పోయింది. ఖాకీ గుడ్డ కింద చిన్న ఇనుప ముక్క, చల్లగా, అక్కడే ఉంది.

"పగలగొట్టు," అన్నాడు.

"సార్, సర్కారీ తాళం..."

"పగలగొట్టు గఫూర్!"

తీగ అవతల మొదటి సుత్తి దెబ్బ పడింది.